చొక్కా మీద జిడ్డు మరక: నీళ్లకంటే ముందు సబ్బు

ఉపకార వేతనాల ఇంటర్వ్యూకు వచ్చే పిల్లల్లో కొందరు ఫైలును గుండెకు హత్తుకుని కూర్చుంటారు. భయపడుతున్నారేమో అనుకుంటాం. ఒకసారి ఒక అబ్బాయి సంతకం కోసం ఫైలు బల్లమీద పెట్టినప్పుడు అసలు సంగతి బయటపడింది. తెల్ల చొక్కా జేబు కింద అరచేయంత మేర సైకిల్ చైను గ్రీజు మరక ఉంది. ముందురోజు దారిలో ఊడిన చైను ఎక్కించి, ఆ చేత్తోనే చొక్కా సర్దుకున్నాడట. వాళ్లమ్మ తెల్లవారుజామునే లేచి రెండుసార్లు ఉతికి, ఆరకపోతే ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి పంపింది. ఆ తల్లి పడిన శ్రమలో లోపమేమీ లేదు. వరుస తప్పింది, అంతే. ముందు నీళ్లు, తరువాత సబ్బు, ఆ వెంటనే వేడి ఇస్త్రీ. జిడ్డు మరకను శాశ్వతం చేసే వరుస ఇదే.

యూనిఫారం రెండు జతలు మాత్రమే ఉన్న ఇళ్లలో ఒక చొక్కా పాడవడం చిన్న విషయం కాదు. పైగా ఈ మరక వెనుక ఉన్నది మన పిల్లలు బడిలో చదివే రసాయన శాస్త్రమే. ఆ పాఠాన్ని కొందరు కన్నడంలో, కొందరు తమిళంలో, ఒడియాలో, మరాఠీలో, ఎక్కువమంది ఇంగ్లీషులో చదువుతారు. ఇక్కడ తెలుగులో ఒకసారి చదివితే అమ్మానాన్నలకు కూడా చెప్పగలుగుతారు.

నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. బట్ట మీద దాని ఫలితమేమిటో చాలామంది గమనించరు. నూనె పడిన చోట నీళ్లు పోస్తే ఆ నీరు చుట్టూ ఉన్న దారాలలోకి పోతుందే కాని నూనెను కదపలేదు. ఆ తరువాత రాసిన సబ్బు కూడా నీటిలో పలచబడిపోతుంది. మరక మీద దానికి ఉండవలసిన బలం ఉండదు. అందుకే జిడ్డు మీద సబ్బును పొడిగా ఉన్నప్పుడే వేయాలి.

సబ్బు అణువుకు ఒక తల, ఒక పొడవైన తోక ఉంటాయి. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి ఉడికిస్తే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం తయారవుతుంది. అదే సబ్బు. దానితోపాటు గ్లిజరిన్ వస్తుంది. తోకలో సాధారణంగా 12 నుంచి 18 వరకు కార్బన్ పరమాణువులు గొలుసుగా ఉంటాయి. ఈ తోక నూనెలోకి దూరుతుంది, తల నీటివైపు ఉండిపోతుంది. వందలాది తోకలు ఒక నూనె చుక్కలో గుచ్చుకుంటే ఆ చుక్క బంతిలాగా చుట్టుకుని దారాన్ని వదిలి నీటిలోకి తేలుతుంది. ఈ బంతినే పుస్తకాల్లో మైసెల్ అంటారు. కొవ్వుల నిర్మాణాన్ని, సబ్బు తయారయ్యే తీరును మొదట స్పష్టంగా వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రల్. ఆయన గ్రంథం 1823లో వచ్చింది. ఆ తరువాత ఆయన ప్యారిస్‌లో గోబెలిన్స్ నేత కర్మాగారంలో రంగుల శాఖకు అధిపతిగా పనిచేశారు. మగ్గాలనే నమ్ముకుని బతికిన మన షోలాపూరు పద్మశాలి కుటుంబాల పిల్లలకు ఈ సంగతి నచ్చుతుందని రాస్తున్నాను.

ఇక పనిలోకి వద్దాం. కూర నూనె, నెయ్యి, తలనూనె వంటి మరక పడగానే రుద్దకండి. రుద్దితే రూపాయి బిళ్లంత మరక అరచేయంత అవుతుంది. పొడి గుడ్డను గాని పాత కాగితాన్ని గాని మెల్లగా అద్ది, పైకి తేలిన నూనెను తీయండి. తరువాత శనగపిండి, టాల్కం పౌడరు, సుద్దపొడి వీటిలో ఏది దొరికితే అది దట్టంగా చల్లి పావుగంట వదిలేయండి. పొడి నూనెను పీల్చుకుని ముద్దకడుతుంది. దులిపి, అవసరమైతే మళ్లీ చల్లండి. పెళ్లి భోజనాల దగ్గర పక్కన నీళ్ల గ్లాసు ఉన్నా దాని జోలికి పోకుండా, వంటవాళ్లను అడిగి గుప్పెడు శనగపిండి తెచ్చుకోవడమే మంచిది. నలుగురూ నవ్వినా ఫరవాలేదు.

దులిపిన తరువాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు నేరుగా మరక మీద వేసి వేలితో మెల్లగా పట్టించి, పది పదిహేను నిమిషాలు ఆగండి. రంగు బట్టయితే ముందుగా లోపలి మడతమీద ఒక చుక్క వేసి రంగు దిగడం లేదని చూసుకోండి. ఆ తరువాతనే గోరువెచ్చని నీరు. తెల్ల నూలుబట్టయితే బకెట్‌లో ఒక చెంచా బట్టల సోడా కూడా వేయవచ్చు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బార్ సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసిపోవడమే దానికి కారణం. అక్కడ డిటర్జెంటు వాడాలి. ఈ ప్రశ్న పరీక్షల్లో తరచుగా వస్తుంది కూడా.

ఉతికిన బట్టను నీడలో ఆరవేసి, పూర్తిగా ఆరాక వెలుతురులో చూడండి. తడిగా ఉన్నప్పుడు ఏ మరకా సరిగా కనబడదు, పోయిందనుకుంటాం. ఇంకా ఛాయ ఉంటే మళ్లీ లిక్విడ్ వేయండి. మరక ఉండగా ఇస్త్రీ మాత్రం చేయవద్దు. బూరెలు వేయించే మూకుడు అంచున గోధుమరంగు జిడ్డు అట్టకట్టి, ఎంత తోమినా పోదు కదా! వేడికి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం వల్ల అలా అవుతుంది. ఇస్త్రీపెట్టె కింద చొక్కా మీద జరిగేదీ అదే. టెరికాటన్ యూనిఫారాలతో మరింత జాగ్రత్త అవసరం, వాటిలోని పాలిస్టర్ దారం నీటికంటే నూనెనే ఎక్కువగా పట్టుకుంటుంది.

సైకిల్ గ్రీజు కథ వేరు. అందులో ఎక్కువ భాగం ఖనిజ తైలమే. అది కారిపోకుండా చిక్కగా నిలబెట్టడానికి ఒక రకం సబ్బునే కలుపుతారు. సాధారణంగా వాడే లిథియం గ్రీజులో ఆ సబ్బు తయారీకి కావలసిన ఆమ్లాన్ని ఆముదం నుంచి తీస్తారు. ఇక మరకలోని నలుపు చాలావరకు చైను అరిగి రాలిన ఇనుప రజను, రోడ్డు దుమ్ము. చెంచా వెనుకవైపుతో పై పొరను గీకి తీసి, మరక కింద పాత గుడ్డ పరిచి, పైన కొద్దిగా కొబ్బరినూనె అద్దండి. జిడ్డు మీద మళ్లీ నూనె ఏమిటని పెద్దవాళ్లు కోప్పడతారు. కాని నూనెలో నూనె కరుగుతుంది. గ్రీజు వదులై కింది గుడ్డలోకి దిగుతుంది. ఐదారు నిమిషాలకు గుడ్డ మార్చి, అప్పుడు గిన్నెల లిక్విడ్ వేయండి. రెండు మూడుసార్లు చేయవలసి రావచ్చు. నలుపు ఛాయ కొంచెం మిగిలినా మిగలవచ్చు, దానికోసం బ్రష్షుతో రుద్ది బట్ట చింపుకోవద్దు.

పెట్రోలుతో తుడిస్తే గ్రీజు పోతుందని మెకానిక్ షాపుల్లో చెబుతారు. పోయే మాట నిజమే. కాని పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలమీద పాకుతూ పక్క గదిలోని గ్యాస్ పొయ్యి దాకా, దేవుడి దీపం దాకా పోయి అంటుకోగలదు. ఇంట్లో ఆ పని ఎవరూ చేయకూడదు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పిల్లల మాట వినవద్దు.

సాంబారు, పప్పు మరకలో నూనెతోపాటు పసుపు ఉంటుంది. సబ్బు రాయగానే అది ఎర్రబడితే కంగారుపడకండి. పసుపు ఒక సహజ సూచిక, సబ్బులోని క్షారం తగలగానే ఎరుపు గోధుమరంగుకు మారుతుంది. నీళ్లు ధారాళంగా పోస్తే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. పదో తరగతి ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. పుస్తకంలో ఆమ్లాలు, క్షారాల పాఠం దగ్గర ఈ ఉదాహరణే ఉంది. నూనె వదిలాక మిగిలిన పసుపును ఎండకు వదిలేయండి. సూర్యకాంతికి ఆ రంగు విరిగి వెలిసిపోతుంది.

పట్టుకు, ఉన్నికి బట్టల సోడా తగలనివ్వకూడదు. అవి జంతు ప్రోటీన్ దారాలు, క్షారానికి దెబ్బతింటాయి. పట్టుచీర మీద పొడి చల్లడం వరకే చేసి, తక్కినది డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడం మేలు.

సెలవురోజున విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. పాత తెల్లబట్టను మూడు ముక్కలు చేసి ఒక్కొక్కదాని మీద రెండు చుక్కల వంటనూనె వేయండి. మొదటిదాన్ని తడిపి తరువాత సబ్బు పెట్టండి. రెండోదానికి పొడిగానే లిక్విడ్ పట్టించి పావుగంట తరువాత ఉతకండి. మూడోదాన్ని ముందు ఇస్త్రీ చేసి, ఆ తరువాత రెండోదానిలాగే ఉతకండి. ఇస్త్రీ చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మూడూ ఆరాక కిటికీ వెలుతురుకు పట్టి చూసి, తేడాను నోటుబుక్కులో రాసుకోండి. ఆ ముక్కలను పారేయకండి, సైకిల్ సీటు కింద దోపి ఉంచండి. ఈసారి చైను ఊడితే చేతులు తుడుచుకోవడానికి పనికొస్తాయి.