పుట్టగొడుగు, కుక్కగొడుగు: వానకాలపు పాఠం

కోలారు జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 700 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం ఆగస్టు మొదలు అక్టోబరు వరకు గల మూడు నెలలలో కురుస్తుంది. ఉరుములతో గట్టి వాన పడి, ఆ వెంటనే ఎండ కాస్తే, చేల గట్లమీదా పాత చెదపుట్టల చుట్టూ తెల్లని గొడుగులు మొలుస్తాయి. పల్లెలలో పెరిగినవారికి వాటి రుచి చిన్ననాటి నుంచి తెలుసు. పట్టణానికి వలస వచ్చి ఎన్నేళ్లు గడిచినా, ఆ గొడుగు కనిపిస్తే చేయి దానివైపు సాగుతుంది. ఆ చేతికి తోడుగా ఉండవలసిన తెలివిడిని గురించినదే ఈ పాఠం.

పేర్లలోనే ఒక హెచ్చరిక

తెలుగులో తినదగినదానిని పుట్టగొడుగు అనీ, తినరానిదానిని కుక్కగొడుగు అనీ పిలుస్తారు. కన్నడంలో అణబె, తమిళంలో కాళాన్ అనే పేర్లున్నాయి. తినరానివాటికి కన్నడంలో నాయికొడె, తమిళంలో నాయ్‌క్కుడై అనే మాటలు వాడుకలో ఉన్నాయి. ఈ రెంటి అర్థమూ కుక్కగొడుగే. ఉర్దూ మాట్లాడేవారు సాంప్ కీ ఛత్రీ, అనగా పాముగొడుగు, అంటారు. కొన్నిచోట్ల ఈ పేర్లు అన్నిరకాల గొడుగులకూ చెల్లుతున్నా, వాటి వెనుక ఉన్న భయం ఒక్కటే. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పక్కపక్క ఇళ్లలో వినిపించే ఈ నాలుగు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి: గొడుగు ఆకారంలో ఉన్నదంతా కూరకు పనికిరాదు.

పుట్టలోని సేద్యం

పుట్టగొడుగు అనే పేరు ఉపమానంగా పుట్టినది కాదు. అది నిజంగానే పుట్టలో పండే పంట. కొన్ని జాతుల చెదపురుగులు ఎండుటాకులనూ పుల్లలనూ నమిలి తెచ్చి, భూమి లోపల తేనెపట్టువంటి గూళ్లు కడతాయి. ఆ గూళ్లలో ఒక శిలీంధ్రాన్ని పెంచి, దానివల్ల మెత్తబడిన ఆహారాన్ని తింటాయి. వానలకు నేల నానినప్పుడు ఆ శిలీంధ్రం లోపలి గూటినుంచి పొడవైన వేరువంటి కాడను పైకి పంపుతుంది. నేల చీల్చుకొని వచ్చిన ఆ కాడ కొననే మనం పుట్టగొడుగుగా చూస్తాము.

ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అనే శాస్త్రనామాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె ఐమ్ 1942లో స్థిరపరచాడు. దక్షిణ భారతదేశంలో దొరికే ఒక జాతిని మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో వర్ణించి, ఐమ్ పేరుమీదనే టెర్మిటోమైసిస్ హైమీ అని పేరు పెట్టారు. చిటికెనవేలి గోరంత గొడుగులతో వందలుగా ఒకేచోట మొలిచే మరొక చిన్న జాతి కూడా ఈ ప్రజాతిలోనిదే.

చెదపురుగులు లేనిచోట ఈ శిలీంధ్రం పెరగదు. గుర్తింపునకు ఇదే మొదటి ఆధారం. ప్రతి అడవి పుట్టగొడుగూ ఇలాగే ఏదో ఒక ఆశ్రయాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. ఉదాహరణకు, విదేశీ వంటల పుస్తకాలలోనూ ఫోనులోని చిత్రాలలోనూ తరచుగా కనిపించే పసుపువన్నె చాంటరెల్ బతికున్న చెట్ల వేళ్లతో కలిసి జీవిస్తుంది. మనదేశంలో దాని బంధువర్గం పడమటి కనుమల తడి అడవులలోనూ, మధ్య, తూర్పు భారతంలోని సాల అడవులలోనూ కనిపిస్తుంది. దాని గొడుగు అడుగున కత్తి అంచువంటి పొరలు ఉండవు. మొద్దుగా, చీలికలుగా, కాడమీదికి జారే ముడతలు ఉంటాయి. కోలారు మెట్టనేలలలో పసుపుగా ఏది కనిపించినా అది చాంటరెల్ అని భ్రమపడరాదు. ఇక్కడి నీలగిరి తోపులలో మొలిచే గట్టి ఉండలను కూడా తీసుకోరాదు. కోసి చూసినప్పుడు లోపల ఊదారంగుగానో నల్లగానో ఉంటే అవి విషపు ఉండలు.

గుర్తించే క్రమం

అనుభవజ్ఞులు గొడుగును చూసి వెంటనే తుంచరు. ఐదు విషయాలను వరుసగా పరిశీలిస్తారు.

మొదటిది, నేల. చుట్టూ చెదపుట్టగాని, చెద తిరిగిన జాడగాని ఉండాలి. కొన్నిచోట్ల పుట్ట పైకి కనిపించకుండా భూమి లోపలే ఉంటుంది. పేడకుప్పమీద, కుళ్లిన మొద్దుమీద మొలిచినది పుట్టగొడుగు కాదు.

రెండవది, కాడ అడుగుభాగం. పైనుంచి తుంచితే అతిముఖ్యమైన ఆనవాలు నేలలోనే ఉండిపోతుంది. చిన్న పారతో పక్కనుంచి మట్టి తీసి చూడాలి. పెద్ద పుట్టగొడుగుకు సన్నబడుతూ లోతుకు దిగే వేరు ఉంటుంది. జానెడు పొడవు సాధారణం, మూరెడు కూడా ఉండవచ్చు. దానికి బదులు కాడ మొదట సంచివంటి తొడుగు కనిపిస్తే, ఆ గొడుగును అక్కడే విడిచిపెట్టాలి. ప్రాణాంతకమైన అమానిటా జాతుల లక్షణమది. పుట్ట కన్నాలలో చేయి పెట్టరాదు. నాగుల చవితికి పాలు పోసే పుట్టలో నాగుపాము ఉండడం కేవలం నమ్మకం కాదు.

మూడవది, గొడుగు నడిమి భాగం. నేలను చీల్చుకొని రావడానికి వీలుగా పుట్టగొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది. విచ్చుకున్న తరువాత కూడా ఆ బుడిపె మిగులుతుంది.

నాలుగవది, అడుగు పొరలు. ఇవి మొదట తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ లేత గులాబీ ఛాయకు తిరుగుతాయి. ఆకుపచ్చని ఛాయ కనిపిస్తే అది కుక్కగొడుగే. కాడమీద ఉంగరం ఉన్నంతమాత్రాన విషమనీ, లేనంతమాత్రాన మంచిదనీ తీర్మానించరాదు. తినదగిన హైమీ జాతికి ఉంగరం ఉంటుంది.

ఐదవది, సిద్ధబీజాల అచ్చు. గొడుగును కాడనుంచి వేరుచేసి, సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితంమీద పొరలు కిందికి వచ్చేలా ఉంచి, గిన్నె బోర్లించి రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఉదయానికి పొడి అచ్చు పడుతుంది. పుట్టగొడుగు అచ్చు లేత గులాబీ రంగులోనూ, అమానిటా అచ్చు తెల్లగానూ, పచ్చపొర కుక్కగొడుగు అచ్చు ఆకుపచ్చగానూ ఉంటుంది. గులాబీ అచ్చు వేసే విషజాతులూ ఉన్నాయి. కనుక ఐదు ఆనవాళ్లూ కలిసి వచ్చినప్పుడే ఆలోచించాలి. ఒక్కటి తప్పినా పారవేయాలి.

పట్టణంలోని మోసగాడు

పట్టణాలలో ఎక్కువగా మోసగించేది పచ్చపొర కుక్కగొడుగు. దాని శాస్త్రనామం క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. వాన తరువాత పచ్చికలోనూ, ఆటస్థలాలలోనూ, పాఠశాల ఆవరణలలోనూ వలయాలుగా మొలుస్తుంది. తెల్లని గొడుగుమీద గోధుమవన్నె పొలుసులుంటాయి. లేతగా ఉన్నప్పుడు దాని పొరలూ తెల్లగానే ఉంటాయి గనుక మంచి గొడుగేనని భ్రమ కలుగుతుంది. కాని దానికి లోతైన వేరు ఉండదు. తిన్న ఒకటి నుంచి మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పిల్లలకూ వృద్ధులకూ ఒంటిలోని నీరు తగ్గిపోవడమే పెద్ద ప్రమాదం.

ఊరు మారితే నేల మారుతుంది

పుట్టగొడుగుల జ్ఞానం పుట్టిన నేలకు కట్టుబడి ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన ప్రమాదాలు దీనికి నిదర్శనం. ఆగ్నేయాసియానుంచి అక్కడికి వలస వెళ్లిన కుటుంబాలు తమ దేశంలో తినే వరిగడ్డి పుట్టగొడుగుగా భావించి, మరణటోపీ అని పేరుపడిన అమానిటాను వండుకొని ప్రాణాలమీదికి తెచ్చుకున్నాయి. రెండూ లేతగా ఉన్నప్పుడు సంచిలో దాగిన గుడ్డులా కనిపిస్తాయి. ఐరోపా చెట్లతోపాటు కాలిఫోర్నియాకు చేరిన ఆ విషజాతి వారి సొంత ఊరిలో ఎదురుపడలేదు. వారి జ్ఞానం తమ ఊరికి సరిపోయింది. కొత్త నేలకు అది చాలలేదు.

మనదేశంలోనూ 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారు. చిత్తూరు పల్లెనుంచి బంగారపేటకు వచ్చినవారైనా, కోలారునుంచి బెంగళూరుకు వెళ్లినవారైనా ఈ విషయం గుర్తుంచుకోవాలి. అమ్మమ్మ చూపిన పుట్ట దగ్గర అమ్మమ్మ మాట ప్రమాణం. కొత్త లేఅవుటు పచ్చికలో ఆ మాట వర్తించదు.

బంగారు గనుల నేల

కోలారు బంగారు గనుల పట్టణంలో దీనికి తోడు ఇంకొక ప్రశ్న ఉంది. జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880లో ఇక్కడ పని ప్రారంభించినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు, మూడు కిలోమీటర్లకు మించిన లోతునుంచి రాయి తవ్వి తీశారు. ఆ రాతిని పిండిచేసి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని వేరుచేసి, మిగిలిన పొడిని గుట్టలుగా పోశారు. ఈనాటికీ 3 కోట్ల టన్నులకు మించిన ఆ పొడి సైనైడు గుట్టల పేరుతో కాలనీల పక్కనే నిలిచి ఉంది. వేసవి గాలికి దుమ్ముగా లేచి, వానకు వాగులలో కలిసి, చుట్టుపక్కల నేలమీద పరచుకుంటుంది.

ఎండకూ గాలికీ సైనైడు కాలక్రమంలో విచ్ఛిన్నమవుతుంది. రాతినుంచి వచ్చిన భారలోహాలు మాత్రం నేలలోనే మిగులుతాయి. శిలీంధ్రాలకు నేలలోని లోహాలను పీల్చి తమలో కూడబెట్టుకొనే గుణముంది. అందువల్ల గుట్టల అంచున మొలిచిన గొడుగు అన్ని లక్షణాలలోనూ అసలైన పుట్టగొడుగే అయినా, ఆహారంగా పనికిరాదు. కడిగినా, ఉడికించినా, ఎండబెట్టినా లోహాలు పోవు. వాటి హాని ఆ పూట తెలియదు. పదేపదే తినడంవల్ల శరీరంలో పేరుకొంటుంది. కనుక గనుల ప్రాంతంలో “ఇది ఏ గొడుగు?” అనే ప్రశ్నతోపాటు “ఇది ఏ నేలలో మొలిచింది?” అనే ప్రశ్న కూడా తప్పనిసరి. గుట్టల సమీపంలోనూ, గుట్టలనుంచి నీరు పారే వాగుల ఒడ్డునా, పాత మిల్లుల ఆవరణలలోనూ, రహదారులూ రైలుకట్టల పక్కనా, పురుగుమందు చల్లిన తోటలలోనూ మొలిచినవాటిని ఏరకూడదు.

నమ్మరాని పరీక్షలు

వండేటప్పుడు వెండి చెంచా నల్లబడితే విషమనీ, పసుపు లేక వెల్లుల్లి రంగు మారితే విషమనీ, పురుగు తిన్నది మనిషికీ మంచిదేననీ చెప్పుకొంటారు. ఇవేవీ నిజం కాదు. అమానిటా విషం వెండిని నల్లబరచదు, పసుపు రంగు మార్చదు, ఎంత ఉడికించినా నశించదు. దాన్ని తిన్న పురుగులు బతికే ఉంటాయి. తిన్నవారు రుచిగా ఉందని చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

తిన్న తరువాత అనుమానం కలిగితే

అమానిటా విషం తిన్న వెంటనే బయటపడదు. ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల తరువాత వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు అవి తగ్గి, రోగి కోలుకున్నట్లు కనిపిస్తాడు. ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. తగ్గిందని ఇంటివద్ద ఉండిపోవడమే అనేక మరణాలకు కారణం.

అనుమానం కలిగిన క్షణమే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. మిగిలిన గొడుగులనూ, వండిన కూరనూ, తొక్కలనూ ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి వెంట తీసుకొనిపోవాలి. ఎప్పుడు తిన్నారు, ఎవరెవరు తిన్నారు, మొదటి లక్షణం ఏ గంటకు కనిపించింది అనే మూడు సంగతులు వైద్యులకు చెప్పాలి. ఉప్పునీరు తాగించి బలవంతంగా వాంతి చేయించరాదు. అదే కూర తిన్న ఇతరులు బాగానే కనిపించినా, వారినీ చూపించాలి.

రుచి వదులుకోనక్కరలేదు

అడవి గొడుగుపై సందేహం ఉన్నవారికి సాగుచేసిన రకాలు ఉన్నాయి. బటన్ పుట్టగొడుగులు దుకాణాలలో దొరుకుతాయి. ముత్యపుచిప్ప రకాన్నీ, మన వేడికి తట్టుకొనే పాలపుట్టగొడుగునూ ఇంటిలోనే ఎండుగడ్డి సంచులలో పెంచవచ్చు. బెంగళూరు సమీపాన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణనూ, విత్తనాన్నీ అందిస్తుంది.

అభ్యాసం

1. పుట్టగొడుగును పైనుంచి తుంచకుండా మట్టి తీసి చూడడం ఎందుకు అవసరం?

2. పచ్చపొర కుక్కగొడుగును లేత దశలో గుర్తించడం ఎందుకు కష్టం? అచ్చు పరీక్ష ఎలా తోడ్పడుతుంది?

3. కూర తిన్న మరునాడు వాంతులు మొదలై, మూడవనాటికి తగ్గాయి. ఆ కుటుంబం ఏమి చేయాలి?

4. ఒక కుటుంబం సైనైడు గుట్టకు దిగువన ఉన్న చెదపుట్టవద్ద గొడుగులు ఏరింది. వాటికి పొడవైన వేరు, నెత్తిన మొన, గులాబీ అచ్చు అన్నీ ఉన్నాయి. వాటిని వండవచ్చునా? పాఠంలోని రెండు ప్రశ్నలనూ వేసుకొని, ఇంటిలోని పెద్దలతోనూ పిల్లలతోనూ కలిసి సమాధానం చెప్పుకోవాలి.