ఉపాధ్యాయుని జీతమును బాలుని మార్కులును

హనుమాన్ జంక్షనులో విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు దారులు కలియుచోట, పదవ తరగతి ఫలితములు వెలువడిన మఱునాటికే ఫ్లెక్సీ పటములు లేచును. వానియందు బాలబాలికల ముఖములును, ముఖముల క్రింద మార్కులును గానవచ్చును. ఆ పటములలో చోటు దొరకనివారు ఎందఱో ఎచ్చటను వ్రాయబడియుండదు.

తలిదండ్రుల సమావేశమున నొక తండ్రి, ఆ పటములను చూచి వచ్చినవాడు, మమ్మిట్లడిగెను: “మాస్టారూ, మా రైసుమిల్లులో హమాలీలకు బస్తాకింత అని ఇస్తాం. ఎక్కువ మోసినవాడికి ఎక్కువ. మీలో మాత్రం బాగా చెప్పినవారికీ చెప్పనివారికీ ఒకటే జీతమెందుకు?” అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇల్లు చేరిన పిమ్మటను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. శిక్షణ కళాశాలలో మాకు బోధనాపద్ధతులను గూర్చి యెంతయో చెప్పిరి. బోధకుని జీతమును గూర్చి యొక్క పాఠమైనను చెప్పలేదు. ఆ కొఱతను ఈ పుటలలో కొంత తీర్చుకొందుము.

బస్తాకింత యను పద్ధతి బడులకు క్రొత్తది కాదు. 1862లో ఇంగ్లండునందు రాబర్టు లో అను మంత్రి దీనిని ప్రవేశపెట్టెను. బాలుని హాజరునకు 4 షిల్లింగులు. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూటిలో నెగ్గిన ప్రతిదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. వెరసి 12 షిల్లింగులకు మించకుండ బడికి గ్రాంటు. తప్పినచో ఆ మేరకు కోత. దీని ఫలమేమి? ఏడాది పొడుగున ఒకే వాచకమును వల్లె వేయించిరి. పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియు తడబడక “చదివిన” పిల్లలను గూర్చిన కథలు నేటికిని చెప్పుకొందురు. చరిత్ర, భూగోళములకు గ్రాంటు లేదు గనుక అవి మూలబడెను. కవియు బడుల ఇన్‌స్పెక్టరు నగు మాథ్యూ ఆర్నల్డు దీనిని గట్టిగా ఎదిరించెను. మన కృష్ణా మండలము చేరియుండిన మదరాసు రాజధానిలోను ఫలితములను బట్టి గ్రాంటు లిచ్చు పద్ధతి నడచినది. 1882లో నియమింపబడిన హంటరు కమీషను ప్రాథమిక పాఠశాలలకు ఇది తగినదనియే చెప్పెను. 19వ శతాబ్ది ముగియునప్పటికి ఇంగ్లండులోను, 20వ శతాబ్ది ఆరంభమున ఇక్కడను దీనిని విడిచిపెట్టిరి.

కథ ఇంతటితో ముగిసినచో ఆ తండ్రికి సమాధానము సులభమే. కాని మన రాష్ట్రముననే దీనిని మరల పరీక్షించి చూచిరి. 2005 మొదలు అయిదు విద్యాసంవత్సరములు, అవిభక్త ఆంధ్రప్రదేశములో, రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచ బ్యాంకు కలిసి యొక ప్రయోగము నడపినవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు దాని ఫలితములను ప్రకటించిరి. కోస్తా, రాయలసీమ, తెలంగాణములనుండి అయిదు జిల్లాలలోని ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను చీట్లు తీసిన రీతిని ఏర్పఱచుకొనిరి. నూఱు బడులలో ఏ ఉపాధ్యాయుని పిల్లల అభివృద్ధిని బట్టి ఆ ఉపాధ్యాయునికి బోనసు. మఱి నూఱింట బడి మొత్తము అభివృద్ధిని బట్టి అందఱికిని సమానముగా బోనసు. పోల్చి చూచుటకై వేఱొక నూఱింట ఏమియు లేదు.

విద్యార్థులు ఇచ్చట పలక తీసికొందురు గాక. మొదట నొక పరీక్ష, సంవత్సరాంతమున నొక పరీక్ష. రెంటిని బయటివారు వచ్చి నడపిరి. పిల్లల మార్కుల సగటు నూటికి 5కు మించి పెరిగినచో, మించిన ప్రతి మార్కునకు 500 రూపాయలు. మొదటి పరీక్ష వ్రాసి రెండవదానికి రాని పిల్లవాని అభివృద్ధి సున్న యని లెక్క. ఒక తరగతిలో పదిమంది యున్నారనుకొందము. తొమ్మిదిమంది తలకు 12 మార్కులు పెరిగిరి. పదవవాడు చదువున వెనుకబడినవాడు. వానిని పరీక్షనాడు ఇంట నుంచినచో మొత్తము 108, సగటు 10.8, బోనసు 2,900 రూపాయలు. వాడు వచ్చి 7 మార్కులే పెరిగినను మొత్తము 115, సగటు 11.5, బోనసు 3,250 రూపాయలు. ఆ వెనుకబడిన పిల్లవాడు తన గురువునకు 350 రూపాయలు తెచ్చినాడు!

ఇప్పుడు ఫ్లెక్సీ పటము లెక్కను చూడుడు. అచ్చట కావలసినది పెరుగుదల కాదు, తుది మార్కు. తొమ్మిదిమందికి 60, పదవవానికి 20 వచ్చినచో సగటు 56. వాడు రాకుండిన 60. అదే బాలుడు ఒక లెక్కలో లాభము, మఱియొక లెక్కలో భారము.

రెండేండ్లకు బోనసు బడులు తక్కిన బడులను దాటినవి. నూఱుగురిలో క్రిందినుండి 50వ స్థానమున నుండవలసిన పిల్లవాడు గణితమున సుమారు 60వ స్థానమునకు, భాషలో 56, 57 స్థానములకు చేరినట్లు. బోనసు లేని సామాన్యశాస్త్ర, సాంఘికశాస్త్రములలోను అభివృద్ధి కనబడెను. అంతే ధనమును ఇతర వసతులకు ఖర్చు చేసిన బడులకంటెను ఇవి మేలుగా నుండినవి. బోనసు సగటున ఏడాది జీతములో నూటికి మూడు వంతులే. మొదటి యేడు వ్యక్తికిచ్చినను బడికిచ్చినను ఫలము సమానమే. తరువాత వ్యక్తికిచ్చిన పద్ధతియే ముందునకు పోయినది. బోనసు వలన ఉపాధ్యాయుల గైరుహాజరు మాత్రము తగ్గలేదు. బడికి వచ్చిన దినములలో ఎక్కువ పని జరిగినది: ఇంటిపని, అదనపు తరగతులు, వెనుకబడినవారిపై శ్రద్ధ, అభ్యాసపరీక్షలు. ఈ కడపటిది మాకు కొంచెము అనుమానము కలిగించుచున్నది. ఏలయనగా, కెన్యాలో 1998, 1999 సంవత్సరములలో ఇట్టి బహుమానము లిచ్చినప్పుడు ఉపాధ్యాయులు పరీక్షకై తరిఫీదు నిచ్చుట పెరిగెను గాని, పెరిగిన మార్కులు తరువాత నిలువలేదు. అమెరికాలోని నాష్‌విల్లు పట్టణమున 2006 మొదలు మూడేండ్లు గణితోపాధ్యాయులకు 15,000 డాలర్లవఱకు చూపినను, మొత్తముమీద పిల్లల మార్కులు కదలలేదు.

ఆంధ్ర ప్రయోగము ప్రాథమిక పాఠశాలలది. మావంటి ఉన్నత పాఠశాలలో నొక బాలుడు ఆర్గురు ఉపాధ్యాయులకు ఉమ్మడి సొత్తు. తెలుగు పండితులు చదువుట నేర్పినందున వానికి లెక్కలలోని ప్రశ్న బోధపడినచో, ఆ మార్కు ఎవరిది? ప్రధానోపాధ్యాయుల సంగతి మఱియు కష్టము. బలహీనమైన సెక్షనునకు మేలైన ఉపాధ్యాయుని వేసిన ప్రధానోపాధ్యాయుని పని ఏ మార్కుల జాబితాలోను విడిగా కనబడదు. అట్టివారికి బడి మొత్తముమీది లెక్కయే తగునని మా అభిప్రాయము. బస్తాలోని బియ్యము హమాలీ నిన్న ఏమి చేసెనో ఎఱుగదు, పిల్లవాడు ఎఱుగును. అయినను జీతములో మార్కుల మాట అసలే రాకూడదనువారితో మేము ఇప్పుడు ఏకీభవింపజాలము. నూటికి మూడు వంతులు మన రాష్ట్రపు పల్లెబడులలో పిల్లలకు మేలు చేసినదని తెలిసిన పిమ్మట అట్లనుట మొండితనమగును.

తరువాతి సమావేశమున నల్లబల్లపై ఆ తండ్రికి పై లెక్క చేసి చూపితిమి. ఆయన కొంతసేపు చూచి, “అయితే మావాడు ఆఱో తరగతిలో చేరినప్పుడు వాడికేమి వచ్చో మీ దగ్గఱ వ్రాసి ఉందా?” అనెను. రిజిస్టరులో పుట్టిన తేదీ, చేరిన తేదీ, పాత బడి పేరు ఉన్నవి. ఆ సంగతి లేదు. తుది మార్కు మాత్రమే మావద్ద నున్నది, ఫ్లెక్సీవారివలెనే.

ఈ సంవత్సరము ఆఱవ తరగతివారిచేత మొదటి వారముననే ఒక పుట చదివించి, ఒక పుట వ్రాయించి, పది లెక్కలు చేయించితిమి. ప్రక్క తరగతి ఉపాధ్యాయులు దిద్దిరి. కొందఱు తమ పేరు మాత్రమే వ్రాసి ఇచ్చిరి. ఆ కాగితములు తేదీ వేసి ఆఫీసు బీరువాలో నుంచబడినవి.