అంటుకోని దురద

కంకిపాడు మన కృష్ణా జిల్లాలో ఉంది. విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో వస్తుంది. చుట్టూ వరి చేలు, కాలవలు. ఇక్కడ ఎండాకాలం చెమట ఎక్కువ. చలికాలం వస్తే చర్మం పొడిబారుతుంది. ఇలాంటప్పుడు కొందరు పసిపిల్లలకు దురద ఎక్కువవుతుంది. బుగ్గలు కందిపోతాయి. కాస్త పెద్ద పిల్లలకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. రాత్రంతా గోక్కుంటారు. చర్మం గరుకెక్కి నల్లబడుతుంది. ఒక్కోసారి రసి కారుతుంది.

దీన్ని కొందరు గజ్జి అంటారు. కొందరు తామర అంటారు. కానీ ఇది వేరే జబ్బు. డాక్టర్లు దీన్ని ఎగ్జిమా అంటారు.

తేడా ఎలా తెలుస్తుంది?

గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది. ఎక్కువగా వేళ్ల సందుల్లో వస్తుంది. ఒకరి నుంచి ఇంట్లో అందరికీ అంటుకుంటుంది.

తామర బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. గుండ్రంగా బిళ్లలా ఉంటుంది. ఇదీ అంటుకుంటుంది.

ఎగ్జిమా అంటుకోదు. పక్కన కూర్చున్నా రాదు. కలిసి తిన్నా రాదు.

మరి ఎందుకు వస్తుంది?

చేనుకు గట్టు ఎలాంటిదో ఒంటికి చర్మం అలాంటిది. గట్టుకు గండి పడితే నీరు పోతుంది. కొందరు పిల్లల చర్మం పుట్టుకతోనే బలహీనం. లోపలి తడి బయటికి పోతుంది. దుమ్ము, సబ్బు, చెమట లోపలికి చేరి దురద పెడతాయి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గానీ, ఊరికే తుమ్ములు రావడం గానీ ఉంటే పిల్లలకు ఇది వచ్చే వీలు ఎక్కువ.

అత్త: నీ పాలు బిడ్డకు పడలేదే అమ్మాయ్. పాలు మానిపించెయ్.

కోడలు: అంగన్‌వాడీలో కూడా పిల్లాణ్ణి దూరంగా కూర్చోబెట్టమంటున్నారండీ, నర్సమ్మగారూ.

నర్సమ్మ: పాలు మానిపించొద్దు పెద్దమ్మగారూ. ఇది తల్లి తప్పు కాదు. పిల్లాణ్ణి అందరితోపాటే కూర్చోనివ్వండి. ఈ జబ్బు మన ఊళ్లోనే కాదు, ప్రపంచమంతా ఉంది.

నర్సమ్మ చెప్పింది నిజమే. పిల్లల ఉబ్బసం, ఎగ్జిమాల మీద 1991లో ఒక పెద్ద పరిశీలన మొదలైంది. చాలా దేశాలు ఇందులో చేరాయి. ఎగ్జిమా లెక్కలు 2009లో అచ్చయ్యాయి. 60 దేశాల్లో 6, 7 ఏళ్ల పిల్లల గురించి తల్లిదండ్రులను అడిగారు. పిల్లలు 3 లక్షల 85 వేల మందికి పైనే. రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో వెయ్యి మందిలో 9 మందికి ఈ జబ్బు ఉంది. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ దేశం ఉంది. దాని రాజధాని క్విటో. అక్కడ వెయ్యి మందిలో 225 మందికి ఉంది. ఊరు మారితే లెక్క మారుతుంది. జోధ్‌పూర్ లెక్క మన జిల్లా లెక్క కాదు. కానీ ఎక్కడైనా పిల్లల బాధ ఒకటే.

మనం ఏం చెయ్యాలి?

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించాలి. సబ్బు తక్కువ వాడాలి. సున్నిపిండితో గట్టిగా రుద్దకూడదు. ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె గానీ వాజలీను గానీ రాయాలి. రోజుకు రెండుసార్లు రాయాలి. నూలు బట్టలు తొడగాలి. గోళ్లు కత్తిరించాలి. నూర్పిడి దుమ్ములోకి పిల్లల్ని తీసుకెళ్లకూడదు.

మందుల షాపులో అడిగి ఏదో ఒక క్రీము కొనొద్దు. చాలా క్రీముల్లో స్టెరాయిడ్ మందు ఉంటుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే అది మేలు చేస్తుంది. సొంతంగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. తామర మీద రాస్తే తామర ఇంకా పాకుతుంది.

చీము పట్టినా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు లేచినా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలామంది పిల్లలకు వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు తగ్గిపోతుంది. అందాకా ఓపిగ్గా చూసుకోవాలి.

చెప్పండి

1. గజ్జికి, ఎగ్జిమాకు తేడా ఏమిటి?
2. అత్త మాట విని పాలు మానిపిస్తే బిడ్డకు ఏం నష్టం?
3. మీ వీధిలో దురద ఉన్న పిల్లల్ని దూరం పెడుతున్నారా? వాళ్లకు మీరేం చెబుతారు?

లెక్క చెయ్యండి

2000 మంది పిల్లలు ఉన్నారు. క్విటో లెక్కన ఎంతమందికి ఎగ్జిమా ఉంటుంది? జోధ్‌పూర్ లెక్కన ఎంతమందికి?