బొంత మీద దేశ చరిత్ర



బొంత మీద చరిత్ర కుట్టడం బెంగాల్‌కు కొత్త కాదు. పాత నూలు చీరలను పొరలుగా పరిచి, వాటి అంచుల్లోంచి లాగిన రంగు పోగులతో కుట్టే కాంథా ఇక్కడి ఇల్లాళ్ల చేతుల్లో పెరిగిన కళ. కోల్‌కతా శివారు జోకాలోని గురుసదయ్ మ్యూజియంలో ఖుల్నా ప్రాంతపు మానదాసుందరి అనే ఆమె 19వ శతాబ్దంలో తండ్రి కోసం కుట్టిన కాంథా ఉంది. అందులో ఆ కాలపు సిపాయిలు, దొరలు కనిపిస్తారు. దాన్ని కుట్టింది తానేనని ఆమె అక్షరాలు కూడా కుట్టి పెట్టింది. అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్ కూడా ఇలాంటి పనే చేసింది. బట్ట ముక్కలతో బొమ్మలు కత్తిరించి అతికించి, బైబిలు కథల పక్కనే 1833 నవంబరులో ఆకాశం నుంచి ఉల్కలు రాలిన రాత్రిని కుట్టింది. ఆ బొంత ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. ఈ ఇద్దరూ తమ దాకా వచ్చిన చరిత్రనే కుట్టారు.

ఇలాంటి బొంత కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. దేశం అనగానే పటం, రాట్నం, ఎర్రకోట, నెమలి అన్నీ ఒకే బట్ట మీదికి చేరతాయి. చూసేవారికి అన్నీ తెలిసిన గుర్తులే కనుక కన్ను ఎక్కడా ఆగదు. ఒక ఊరు, ఒక తేదీ, ఒక ఘటన ఎంచుకుంటే బొంత నిలబడుతుంది. అలాంటి వాటికి మేముండే ఖరగ్‌పూర్‌లో కొదవ లేదు.

హిజ్లీ నిర్బంధ శిబిరం వాటిలో మొదటిది. విచారణ లేకుండా పట్టి ఉంచిన రాజకీయ ఖైదీల మీద 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ నెలలోనే కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ టాగూర్ మాట్లాడారు. అదే భవనంలో 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. చెరసాల చదువుల ఇల్లు కావడం ఒక్క భవనంలోనే కనిపించే కథ. బురుజుతో ఉన్న ఆ పొడవాటి కట్టడం బొంత మధ్యలోకి బాగా కుదురుతుంది. కాల్పులను నెత్తురు మరకలతో చూపించాల్సిన పని లేదు. తెల్ల బట్ట మీద తెల్ల నూలుతోనే రెండు మనిషి ఆకారాలు కుట్టి, చుట్టూ వరసలు దగ్గర దగ్గరగా వేస్తే, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు మాత్రమే ఆ ఆకారాలు తేలతాయి. రంగు చేయలేని పని అక్కడ కుట్టు చేస్తుంది.

రెండోది రైలు కథ, తెలుగువారికి సొంత కథ. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనుషులు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1927-28లో ఈ రైల్వే కార్మికులు చేసిన పోరాటాల్లో ముందు నిలిచిన నాయకుడు వి.వి. గిరి, తరవాత రాష్ట్రపతి అయ్యారు. ఇక్కడి తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఈ కథకు బట్ట కూడా కథలోంచే రావాలి. ఖలాసీల నీలం యూనిఫారం, గార్డు జెండాల ఎరుపు, ఆకుపచ్చ, నానమ్మల నాటి నేత చీర, అడుగు పొరగా పొందూరు ఖద్దరు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి వడుకుతారు. వలస వచ్చినవారి ఊరి పని ఆ పొరలో ఉంటుంది.

జెండా విషయంలో జాగ్రత్త అవసరం. 1971 నాటి చట్టం ప్రకారం జాతీయ జెండాను దిండ్లు, రుమాళ్లు, దుస్తుల బట్టల మీద కుట్టడం, అచ్చువేయడం నేరం. కనుక పరుచుకునే, కప్పుకునే బొంత మీద జెండా వద్దు. గోడకు వేలాడే పనిలో కూడా రంగులను విడివిడిగా వాడటమే మర్యాద. చరిత్ర కూడా సరిచూసుకోవాలి. 1942 సెప్టెంబరు 29న తమ్లుక్‌లో డెబ్బై దాటిన మాతంగినీ హాజ్రా పోలీసు గుండ్లకు బలైనప్పుడు ఆమె చేతిలో ఉన్నది కాంగ్రెస్ జెండా. అశోక చక్రం 1947 జులై 22న వచ్చింది. 1942 దృశ్యంలో చక్రం కుడితే తెలిసినవారి కంటికి వెంటనే తగులుతుంది.

కుట్టు పనికి ముందు ప్రతి బట్టనూ ఉతికి గంజి వదిలించాలి. తడిపిన తెల్ల గుడ్డతో ఎరుపు, నీలం ముక్కలను రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ ముక్క పనికిరాదు. మూడు నుంచి అయిదు పొరలను నేల మీద ముడతలు లేకుండా పరిచి, అంచుల మీద బరువులు పెట్టి, జానెడు దూరానికొక వరసగా పొడుగు టాకాలు వేయాలి. అసలు రన్నింగ్ కుట్టు నడుమ నుంచి మొదలై అంచులకు పోవాలి. అంచుల నుంచి లోపలికి వస్తే నడుమ బట్ట ఉబ్బి ఎంత లాగినా సర్దుకోదు. బొమ్మల గీతలకు కాడ కుట్టు, లోపల నింపడానికి రన్నింగ్ కుట్టు చాలు. వరసలు దగ్గరయ్యే కొద్దీ బట్ట మీద సన్నని అలలు లేస్తాయి. ఆ అలలను బొమ్మ నడక ప్రకారం తిప్పాలి. పట్టాల దగ్గర నిలువుగా, పొగ దగ్గర వంపుగా. ఈ ఓపిక మెషీన్ కుట్టుకు రాదు.

పేరు, ఊరు, సంవత్సరం, ఎవరి చీర ఏ పొరలో ఉందో వెనక వైపు నూలుతోనే రాయాలి. సిరా పాతబడితే వెలిసిపోతుంది. పైఅంచు వెనక కర్ర దూర్చేందుకు గొట్టంలా పట్టీ కుడితే బరువు ఒకచోట పడకుండా వేలాడుతుంది. ఎండ తగలని గోడే మంచిది. దాచేటప్పుడు మడతపెట్టకుండా పాత నూలు దుప్పటితో కలిపి చుట్టాలి.

మామ్మ
ఖరగ్‌పూర్