చిన్న ఆడియో కంపెనీ దగ్గర కొంటున్నారా? ముందు ఒక మెయిల్ పెట్టి చూడండి

పోయిన వానాకాలంలో ఒక రాత్రి శ్రీకాకుళంలో మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. హెడ్‌ఫోన్ ఆంప్ ఆన్ చేస్తే కుడి వైపు పాడుతోంది, ఎడమ వైపు చప్పుడు లేదు. కొన్నది విదేశంలోని ఒక చిన్న కంపెనీ దగ్గర, నేరుగా, నెలల తరబడి దాచుకున్న డబ్బుతో. ఇక సర్వీస్ సెంటర్ అంటారా, ఆ బ్రాండ్‌కి విశాఖలో కాదు కదా, దేశంలోనే లేదు.

మెయిల్ పెట్టాను. నాలుగో రోజు జవాబొచ్చింది. రాసింది ఆ సర్క్యూట్ డిజైన్ చేసిన మనిషే. కేబుల్ మార్చి చూశారా, హెడ్‌ఫోన్ తీసేసి ఔట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజ్ ఎంతుందో చెప్పండి, ఆన్ చేసినప్పుడు టిక్ టిక్‌మని రెండుసార్లు వినిపిస్తోందా ఒక్కసారేనా... ఇవీ అడిగినవి. ఒక్కసారే వినిపిస్తోంది. అయితే ఎడమ ఛానెల్ రిలే పోయి ఉంటుంది, పంపండి అన్నాడు.

అంతకు ముందు ఏడాది ఒక పెద్ద బ్రాండ్ ఇయర్‌బడ్స్ పాడైతే చాట్‌లో ఐదు నిమిషాల్లోనే జవాబొచ్చింది, అసౌకర్యానికి చింతిస్తున్నామని. తర్వాత మూడు వారాలు అదే వాక్యం, కింద సంతకం చేసే పేరు మాత్రం మారేది. అప్పటిదాకా నేను కూడా రివ్యూలలో "కస్టమర్ సపోర్ట్: ఫాస్ట్" అని రాసి వదిలేసేవాడిని. చిన్న కంపెనీల విషయంలో ఆ మాటకి పెద్దగా విలువ లేదు. ఎంత త్వరగా పలికారన్నది కాదు, పలికిన మనిషికి ఆ వస్తువు లోపల ఏముందో తెలుసా లేదా అన్నది చూడాలి.

ఇది మన వైపు వాళ్ళకి కొత్త సంగతేం కాదు. విజయనగరంలో ఉండే మా పిన్ని దగ్గర బొబ్బిలి వీణ ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు తరతరాలుగా చేస్తున్న వీణలు అవి. ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు. 2012లో జీఐ ట్యాగ్ వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, ఈ ప్రాంతంలో తయారయ్యే అసలైన హై-ఎండ్ ఆడియో అదే! వీణకి 24 మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. వాడేకొద్దీ, ఎండలకి మైనం మెత్తబడేకొద్దీ మెట్లు కదిలి స్వరం తప్పుతుంది. అప్పుడు చేతిలో పని, చెవిలో స్వరం రెండూ ఉన్నవాళ్ళు మెట్లు తీసి మళ్ళీ మేళం కట్టాల్సిందే. పిన్ని బొబ్బిలి బస్సెక్కేస్తుంది. "ఫోన్లో చెప్తే అర్థం అవదురా, వాళ్ళు మీటి చూడాలి" అంటుంది. వాళ్ళు ఫోన్ ఎత్తకపోయినా ఆవిడకి కోపం రాదు. పనిలో ఉన్నారని తెలుసు.

హెడ్‌ఫోన్ ఆంప్‌లు, డ్యాక్‌లు చేసే చిన్న కంపెనీల్లో కూడా పరిస్థితి ఇంచుమించు ఇంతే. డిజైన్, టెస్టింగ్, ప్యాకింగ్, మెయిల్స్ అన్నీ కొద్దిమంది చేతుల్లోనే నడుస్తాయి. జవాబు ఆలస్యమవుతుంది, కానీ వచ్చేది పనికొచ్చే జవాబు అయ్యే అవకాశం ఉంది. అవకాశం మాత్రమే, గ్యారంటీ కాదు. చిన్న కంపెనీ అనగానే మంచిదని నమ్మేయకండి. మాయమైపోయేవీ చిన్నవే.

మరి నిజం ఎప్పుడు బయటపడుతుంది? వస్తువు ఫెయిలైనప్పుడు. టాపింగ్ కంపెనీ 2020లో ఎల్30 అనే ఆంప్ తెచ్చింది. కొలతల్లో అదరగొట్టింది. కానీ తొలి బ్యాచ్‌ల ఆంప్‌లు కొన్ని స్టాటిక్ కరెంటు తగిలి పాడయ్యాయి, వాటితో పాటు కొందరి హెడ్‌ఫోన్లూ పోయాయి. కంపెనీ సమస్య ఉందని ఒప్పుకుని, పాత బ్యాచ్‌లకి రిపేరో మార్పిడో చేస్తామంది. 2010లో అమెరికాలో జేసన్ స్టాడర్డ్, మైక్ మాఫట్ మొదలుపెట్టిన షిట్ ఆడియో (పేరు అదే, నేను పెట్టలేదు) కథ ఇంకోలా ఉంటుంది. దాని ప్రొడక్టుల కొలతలు బాగాలేవని విమర్శలు వచ్చాయి. తర్వాత కంపెనీయే ఆడియో ప్రెసిషన్ అనలైజర్‌తో కొలిచి రిపోర్టులు బయట పెట్టడం మొదలుపెట్టింది. నా లెక్కలో అది కూడా కస్టమర్‌కి జవాబివ్వడమే.

అన్నిటికంటే నాకు నచ్చిన కేసు ఓ2 ఆంప్‌ది. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక ఇంజనీర్ 2011లో దాన్ని డిజైన్ చేసి, సర్క్యూట్, బోర్డు, పార్టుల లిస్టు అన్నీ ఊరికే ఇచ్చేశాడు. జేడీఎస్ ల్యాబ్స్ లాంటి చిన్న కంపెనీలు దాన్ని తయారుచేసి అమ్మాయి. 2012లో ఆ మనిషి ఏమయ్యాడో తెలీకుండా పోయాడు. ఇప్పుడు ఆయనకి మెయిల్ పెడితే జవాబు రాదు. అయినా ఓ2 పాడైతే సోల్డరింగ్ వచ్చిన ఎవరైనా ఆ డ్రాయింగ్ చూసి బాగుచేసుకోవచ్చు. సర్క్యూట్ డ్రాయింగ్ ఇచ్చే కంపెనీకి నేను రెండు మార్కులు ఎక్కువేస్తాను.

సరే, కొనేముందు ఎలా తెలుసుకోవాలి? జవాబులో ఒక అంకె ఉండి తీరాల్సిన ప్రశ్న అడగండి. ఉదాహరణకి: "నా ఐఈఎం 16 ఓమ్‌లు, మీ ఆంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఎంత?" హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే ఆంప్‌ది తక్కువ ఉండాలని ఒక మోటు లెక్క ఉంది. 16 ఓమ్‌లకి 2 ఓమ్‌లన్నమాట. ఎందుకంటే ఈ రెండూ కలిసి వోల్టేజ్ డివైడర్ అవుతాయి. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ ఐఈఎంల ఇంపిడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి బాగా మారుతుంది కాబట్టి, ఆంప్‌ది ఎక్కువైతే కొన్ని స్వరాలు పెరిగి కొన్ని తగ్గి అసలు ట్యూనింగే మారిపోతుంది. "1 ఓమ్ లోపే" అని వస్తే మంచిది. "10 ఓమ్‌లు, మీ ఐఈఎంకి ఇది వద్దు" అని వస్తే ఇంకా మంచిది, ఆ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోండి. "సర్, సౌండ్ చాలా బాగుంటుంది, ఈరోజే ఆర్డర్ చేయండి" అంటే మాత్రం వదిలేయండి. వారం రోజులు ఆగండి, అంతకంటే ముందే తిట్టుకోకండి. అదే మెయిల్‌లో రిపేరుకి పంపితే రానూపోనూ ఖర్చు ఎవరిదో కూడా అడిగేయండి. నేను అడగలేదు, పంపేటప్పుడు కొరియర్ రేటు చూసి కూర్చుండిపోయాను.

మన వైపు నుంచి కూడా సరిగ్గా రాయాలి. మేం ఆఫీసులో "యాప్ పనిచేయట్లేదు" అని వచ్చిన బగ్‌ని ఎలా చూస్తామో నాకు తెలుసు కదా. సీరియల్ నంబర్, ఏ సోర్స్‌కి కలిపారు, ఏమేం మార్చి చూశారు, చిన్న వీడియో పెడితే సగం పని అయిపోతుంది.

ఇండియాలో ఆన్‌లైన్‌గా కొంటే చట్టం కూడా కొంత తోడుంటుంది. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. అయితే శ్రీకాకుళంలో వచ్చిన తీర్పుని ఎక్కడో చైనాలో ఉన్న వర్క్‌షాప్ మీద అమలు చేయించడం మన వల్ల అయ్యే పని కాదు. అందుకే రేటు కాస్త ఎక్కువైనా ఇక్కడి డీలర్ దగ్గరే కొనమంటాను.

నా ఆంప్ ఆరు వారాలకి తిరిగొచ్చింది. బాక్స్‌లో చిన్న ప్లాస్టిక్ కవర్, అందులో పాత రిలే, ఏ కాంటాక్ట్ కాలిందో చూపిస్తూ పెన్నుతో గీసిన బాణం గుర్తు ఉన్న చీటీ.