పక్కచూపుతో ఏడేళ్లు

ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పాను. నా 69వ ఏట, ఒకరోజు పేపరు చదువుతుంటే అక్షరాల వరస నీళ్లలో తేలినట్టు వంకర పోయింది. వయసుతో మాక్యులా దెబ్బతిందన్నారు డాక్టరు. రెటీనా నడుమ ఉండే చిన్న భాగమది. అది పాడైతే నేరుగా చూసింది మసకబారుతుంది, పక్కలు మాత్రం కనబడతాయి. ఆ పక్కచూపుతో బతుకుతూ నేర్చుకున్నవి ఇవి.

1. వంకర గీతను దాచకండి.
శుక్లమేమోనని మూడు నెలలు ఊరుకున్నాను. కుడికంట్లో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతున్నాయట. ఇంజెక్షన్లు మొదలయ్యేసరికి ఆ కంటితో చదవడం పోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో కన్నూ మూసి, ఆమ్స్‌లర్ గళ్ల కాగితం చూస్తాను. గీత కొత్తగా వంగితే ఆలస్యం చేయకూడదు.

2. ఓరగా చూడడం సాధన చేయండి.
మనిషి ముఖంలోకి చూస్తే నాకు మచ్చే కనబడుతుంది. చెవి వైపు చూస్తే ముఖం తెలుస్తుంది. దీన్ని లో విజన్ విభాగంలో ఓపికగా నేర్పుతారు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది.

3. రంగుల తేడా వాడుకోండి.
స్టీలు కంచంలో పెరుగన్నం ఆనదు, అరిటాకులో మెతుకు మెతుకూ తెలుస్తుంది. మజ్జిగకు ముదురు రంగు గ్లాసు, కాఫీకి తెల్ల కప్పు పెట్టుకున్నాను. మెట్ల అంచులకు పసుపు రంగు వేయించాను.

4. చేతిలో పని వదలకండి.
"మీరు కూర్చోండి అత్తయ్యా" అని కోడలు చిక్కుడుకాయలు తీసుకోబోతే, ఈనెలు తీయడానికి వేళ్లు చాలమ్మా అన్నాను. సంతకూ నేనే వెళ్తాను. కొత్త వంద నోటు అంచున నాలుగు ఉబ్బు గీతలుంటాయి, ఐదువందలకు ఐదు. నలగని నోటైతే తడిమి చెప్పగలను.

5. చెవితో చదవండి, నోటికి పట్టండి.
ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకుంటే తెర మీదిది చదివి వినిపిస్తుంది. కాగితం, కలం లేకుండా అవధానులు పద్యాలన్నీ ధారణ చేస్తారు కదా! మనవరాలు రోజుకో పద్యం చదువుతుంది, ఆదివారం ఏడూ వరసగా అప్పజెబుతాను. చికిత్స అందని చూపులోపాన్ని 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బు ముప్పును పెంచేవాటిలో చేర్చింది. అందుకే ఈ అలవాటు ఒక్కరోజు కూడా మానను.

6. లేనివి కనబడితే భయపడకండి.
ఒక సాయంత్రం గోడ నిండా పూలతీగలు, తలపాగాల మనుషులు కనబడ్డారు. మతి చలించిందని హడలిపోయి, ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి డాక్టరుకు చెబితే, చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అన్నారు. బానెట్ 1760లో తన తాతగారికి ఇలా కనబడిన సంగతి రాశారట. కంటి నుంచి అందవలసింది అందక మెదడు తనే బొమ్మలు అల్లుతుంది. దీపం వేసి కళ్లు అటూ ఇటూ తిప్పితే నాకు చాలాసార్లు చెదిరిపోతాయి. మీకూ కనబడితే డాక్టరుకు చెప్పండి.

7. ముందు మీరే చెప్పండి.
గుడి దగ్గర పాత శిష్యుడు నమస్కారం పెడితే పలకకుండా వెళ్లిపోయానట, చాలా బాధపడ్డాడని తెలిసింది. అప్పటినుంచి అలికిడి వినబడగానే, "నాకు చూపు ఆనదు, పేరు చెప్పు నాయనా" అంటున్నాను. మొన్న అదే గుడి మెట్ల మీద, "నేనండీ టీచర్" అన్న గొంతు వినబడింది. అతని చెవి వైపు చూశాను. నాలుగో తరగతిలో ముందు బల్ల మీద కూర్చున్న ఆ ముఖమే, నవ్వుతూ కనబడింది.