కనిపించనిది లెక్కలో దొరుకుతుందా?



చెరకు నరికే రోజుల్లో బార్డోలీ చక్కెర కర్మాగారం వైపు వెళ్ళే ట్రాక్టర్లను మీరంతా చూసే ఉంటారు. నిండు బండిని మొదట కాటా మీద తూస్తారు. చెరకు దించాక ఖాళీ బండిని మళ్ళీ తూస్తారు. రెండు అంకెల మధ్య తేడాయే చెరకు బరువు. చెరకును విడిగా ఎవరూ తూయలేదు. అయినా దాని బరువు తెలిసింది. ఈ పాఠమంతా ఆ తేడా గురించే. మేము తెలుగు చెప్పేవాళ్ళం కనుక, సైన్స్ మాస్టారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకుని మరీ రాస్తున్నాం.

కృష్ణ పదార్థం అంటే ఏమిటి?

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే శాస్త్రవేత్త కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించారు. అందులోని గెలాక్సీలు చాలా వేగంగా కదులుతున్నాయి. కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే ఉంటే ఆ గుంపు ఎప్పుడో చెదిరిపోవాలి. 1970లలో వెరా రూబిన్ గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు కూడా అనుకున్నదానికంటే వేగంగా తిరుగుతున్నాయని చూపించారు. అంటే కంటికి కనిపించని బరువేదో వాటిని పట్టి ఉంచుతోంది. దానికే కృష్ణ పదార్థం అని పేరు. మనకు తెలిసిన పదార్థం విశ్వంలో సుమారు 5 శాతమే. కృష్ణ పదార్థం సుమారు 27 శాతం. మిగిలినది కృష్ణ శక్తి.

కృష్ణ పదార్థం వెలుగునివ్వదు, వెలుగును ఆపదు. అది దేనితో తయారైందో ఇంకా తేలలేదు. ఇప్పటివరకు మనం చూడని కణాలతో తయారై ఉండవచ్చన్నది ఒక ఊహ. ఆ ఊహ నిజమైతే కొలైడర్‌లో ఆ కణాలు పుట్టే అవకాశం ఉంది.

కొలైడర్‌లో ఎలా వెతుకుతారు?

కొలైడర్‌లో కణాలను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ఆ శక్తి నుంచి కొత్త కణాలు పుడతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్ వాటి జాడలను నమోదు చేస్తుంది. కృష్ణ పదార్థపు కణం పుట్టినా దాని జాడ అందులో పడదు. మరి తెలిసేదెలా?

రాత్రివేళ చెరువులో ఒక పడవ ఉందనుకోండి. అందులోంచి ఎవరో దూకారు. దూకిన మనిషి చీకట్లో కనిపించలేదు, కానీ పడవ వెనక్కి జరిగింది. దాన్ని బట్టి ఎవరో ఎటు దూకారో చెప్పగలం. ఇదే ద్రవ్యవేగ నిత్యత్వ నియమం.

జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న లార్జ్ హాడ్రాన్ కొలైడర్ చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అందులో ప్రోటాన్లు ఢీకొంటాయి. ప్రోటాన్ లోపల ఇంకా చిన్న కణాలుంటాయి. వాటిలో ఏది ఎంత శక్తితో ఢీకొందో ముందుగా తెలియదు. అందుకని పక్కలకు పోయే ద్రవ్యవేగాన్నే లెక్కిస్తారు. ఢీకొనకముందు అది సున్నా. తరువాత కూడా మొత్తం సున్నాయే కావాలి. కణాలన్నీ ఒకవైపే కనిపించి, రెండోవైపు ఖాళీగా ఉంటే ఏదో తప్పించుకుపోయినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. న్యూట్రినోలు కూడా డిటెక్టర్‌కు చిక్కకుండా పోతాయి. వాటివల్ల ఎన్నిసార్లు లెక్క తప్పుతుందో ముందు కట్టి, అంతకుమించి ఏమైనా మిగిలిందా అని చూడాలి. 2017 నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం.

కంది నుంచి జపాన్ వరకు

సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్, జపాన్‌లోని సుకుబా నగరంలో జరుగుతున్న బెల్లె-2 ప్రయోగంలో భాగస్వామి. అక్కడి కొలైడర్ చుట్టుకొలత సుమారు 3 కిలోమీటర్లు. అందులో ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఢీకొంటాయి. వాటి లోపల వేరే కణాలు ఉన్నట్టు ఇంతవరకు కనబడలేదు. అందుచేత మొదట ఉన్న శక్తి కచ్చితంగా తెలుసు. ఎలక్ట్రాన్‌ది 7, పాజిట్రాన్‌ది 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. బండిని ముందే తూసి పెట్టుకున్నట్టన్నమాట. బయటికి వచ్చినవాటి శక్తిని అందులోంచి తీసేస్తే పోయినదెంతో తెలుస్తుంది.

2018లో సేకరించిన సమాచారంతో బెల్లె-2 తన తొలి భౌతికశాస్త్ర ఫలితాన్ని 2020లో ప్రకటించింది. రెండు మ్యూయాన్లు కనిపించి, మిగతా శక్తి మాయమైన సంఘటనల్లో జెడ్ ప్రైమ్ అనే కొత్త కణం కోసం వెతికారు. అది కృష్ణ పదార్థంగా విడిపోవచ్చని ఊహ. అది దొరకలేదు. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోనూ కృష్ణ పదార్థపు కణం ఇంతవరకు దొరకలేదు.

దొరకకపోతే ఓడినట్టేనా?

ఈ సంగతి చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, "ఇన్నేళ్ళు వెతికి దొరకలేదంటే ఫెయిలైనట్టే కదా టీచర్?" అని అడిగింది. ఆ ముందువారమే ఆమె లోలకం ప్రయోగంలో తనకు వచ్చిన రీడింగు చెరిపేసి, పక్క అమ్మాయిది చూసి రాసుకుంది. తనది పుస్తకంలోని జవాబుకు సరిపోలేదట.

ఆమెకు మేము చెప్పినదే మీ అందరికీ చెబుతున్నాం. "ఈ బరువుండి, ఇంత బలంగా స్పందించే కణం లేదు" అని తేలితే వెతకాల్సిన చోటు అంత తగ్గినట్టే. తరువాతివారు అక్కడ కాలం వృథా చేయరు. బెల్లె-2 వారు దొరకలేదన్న మాటనే తమ తొలి ఫలితంగా అచ్చువేశారు. చెరిపేసుకోలేదు. బదిలీల మీద బదిలీలతో ఎన్నో బడులు చూశాం. తప్పు రీడింగు రాసిన పిల్లలకంటే, వచ్చిన రీడింగు దాచిన పిల్లలే ఎక్కువ. అందులో మా పెద్దవాళ్ళ తప్పూ ఉంది. సరైన జవాబుకే మార్కులు వేస్తూ వచ్చాం.

మరుసటి ప్రయోగంలో ఆ అమ్మాయి తన రీడింగే రాసి, కింద "పుస్తకంతో సరిపోలేదు, మళ్ళీ చేయాలి" అని రాసింది. మళ్ళీ చేసింది కూడా.

ఆలోచించండి

1. ఖాళీ బండిని తూయకపోతే చెరకు బరువు చెప్పగలమా? ఎందుకు?
2. ప్రోటాన్లకు బదులు ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌లను ఢీకొట్టిస్తే లెక్క ఎందుకు సులువవుతుంది?
3. మీ ప్రాక్టికల్ పుస్తకంలో మీరు చెరిపేసిన రీడింగు ఏదైనా ఉందా? దాన్ని మళ్ళీ రాసి, తేడా ఎందుకొచ్చిందో మీ మాటల్లో చెప్పండి.